నలభై రెండో నంబరు

కేబుల్ టీవీ నడిపే సిగ్నల్‌కి మతిపోయి మూడు రోజులు వార్తలు కోసేశాడని మా వీధుల్లో చెప్పుకుంటారు. చెప్పే చోటుని బట్టి కథ కాస్త మారుతుంది. పాలబూత్ దగ్గర చెప్పేదేమిటంటే, కొడుకున్న చోటికి కెమెరాలు వెళ్ళాయి కానీ తన ఇంటికి ఒక్క కెమెరా కూడా రాలేదన్న అక్కసుతో కోశాడని. మందుల షాపులో అయితే పెళ్ళాం మీద కోపం వైరు మీద చూపించాడంటారు. చివర మాత్రం అందరిదీ ఒకటే. కనెక్షన్లు పోతాయన్న భయం పట్టుకున్నాక ఇంటింటికీ తిరిగి బతిమాలుకున్నాడట.

ఈ కథ నా ముందే చాలాసార్లు చెప్పారు. నేను పక్కన నిలబడి ఉన్నా ఎవరి మాటకీ అడ్డు కాను. కాదని చెబుదామని నోరు తెరిచేసరికి వాళ్ళు ఉల్లిపాయల ధరలోకి వెళ్ళిపోతారు. అందుకే రాస్తున్నాను.

సిగ్నల్ అంటే మా బాబాయి, అమ్మ చెల్లెలి భర్త. అమ్మ మంచానపడ్డప్పుడు నేను పదో తరగతి మధ్యలో ఆపేశాను. అమ్మ పోయాక పిన్ని వచ్చి నా బట్టలు సంచిలో సర్ది తనతో తీసుకొచ్చింది. వాళ్ళ ఇంటి కింది గదిలో కేబుల్ టీవీ కంట్రోల్ రూము ఉంది. ఫోనెత్తి ఫిర్యాదులు రాసుకోవడం, లోకల్ ఛానెల్లో కింద పరిగెత్తే అక్షరాలు, అదే స్క్రోలింగ్, టైపు చెయ్యడం నా పని. ఫోన్లో అవతలివాళ్ళ మొహం కనపడదు కాబట్టి ఆ పని నాకు కుదిరింది.

ఏ మాట వచ్చినా బాబాయి దాన్ని సిగ్నల్లోకి లాక్కెళ్తాడు. పిన్ని ఒళ్ళు వెచ్చగా ఉందంటే నుదుటి మీద చెయ్యి పెట్టి, "సిగ్నల్ కొంచెం ఎక్కువే వస్తోంది" అంటాడు. మావయ్య, పిన్నికి అన్న, వచ్చి గంటసేపు ఒక్క ముక్క మాట్లాడకుండా కూర్చుని వెళ్ళిపోతే, తలుపు వేసి, "బొమ్మ వస్తోంది, శబ్దం రావట్లేదు" అన్నాడు. పిన్నికి వారం రోజులు కోపం. ఆ పేరు అలా పడింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా లేదు.

పనిలో ఆయనకో పద్ధతుంది. స్తంభానికి వైరు కట్టేటప్పుడు అందరూ ఒక నల్ల ప్లాస్టిక్ ట్యాగు బిగిస్తారు. బాబాయి రెండు బిగిస్తాడు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా, ఇంటూ గుర్తులాగ. "ఒకటి ఎండకి పుటుక్కుమంటుంది అమ్మడూ. రెండోది అప్పటిదాకా నిద్రపోయి అప్పుడు డ్యూటీ ఎక్కుతుంది" అంటాడు. మిగిలిన తోకని కత్తిరించడు. తర్వాత ఎక్కేవాడి చెయ్యి గీరుకోకుండా వెనక్కి మడిచి లోపలికి దోపుతాడు. ఏ స్తంభం మీది కట్టు ఆయనదో నేను కింద నుంచే చెప్పగలను. ఆయన ఒక్కగానొక్క కొడుకు, నాకు అన్నయ్య, బడి సెలవుల్లో ఆయన వెనకే నిచ్చెన మోసి ఆ కట్టు నేర్చుకున్నాడు.

పెద్దయ్యాక అన్నయ్య సైన్యంలో చేరి లారీ డ్రైవరయ్యాడు. సరిహద్దు కొండల్లో ఉన్నవాళ్ళకి సరుకు చేరవేసే లారీలు. ప్రతి ఆదివారం ఫోను చేసేవాడు. పిన్ని స్పీకరు పెట్టేది.

"ఎక్కడున్నావురా?"

"టవరున్న చోట అమ్మా."

"ఏం తిన్నావు?"

"అది చెప్పచ్చో లేదో మా సార్ని అడిగి చెప్తా."

పిన్ని తిట్టేది. బాబాయి నవ్వేవాడు.

ఆ చలికాలంలో అక్కడివాళ్ళ బూట్లు అడుగులు ఊడిపోయాయని, గోనెగుడ్డ చుట్టుకుని కాపలా కాస్తున్నారని ఒక వార్తల ఛానెల్ చూపించింది. మా దగ్గర దాని నంబరు నలభై రెండు. ఇరవై రోజుల్లో వాళ్ళకి కొత్త బూట్లు వచ్చాయి. "ఎనిమిది నెలలు కాగితాలు పెట్టాం నాన్నా, కదల్లేదు. కెమెరా వచ్చింది, కదిలింది" అన్నాడు అన్నయ్య. కంట్రోల్ రూములో ఒక్కో ఛానెల్‌కి ఒక్కో పెట్టె ఉంటుంది, మొత్తం తొంభై ఆరు. ఆ వారం బాబాయి నలభై రెండో పెట్టె వెనక మాత్రం కొత్త ఫ్యాను బిగించాడు. మిగతావి వేడికి మగ్గుతుంటే అదొక్కటే అల్లుడిలా కూర్చుంది.

ఇంకో ఆదివారం అన్నయ్య నోరు జారాడు. కొండ దిగాక ఒక ఇనుప వంతెన ఉందట. పొద్దున ఆరు దాటితే ఎండ సరిగ్గా కళ్ళల్లో కొడుతుంది, అందుకే ఆరింటికల్లా దాటేస్తాం అన్నాడు. అని నాలుక్కరుచుకున్నాడు.

"ఇది మర్చిపోండి."

"మర్చిపోయాం" అంది పిన్ని.

బాబాయి మాత్రం మర్నాటి నుంచి పొద్దున్నే లేచి, గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని, ఆరూ పది దాకా అక్కడే కూర్చునేవాడు. ఎందుకని మేం అడగలేదు.

తర్వాత సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి. ఆదివారం ఫోన్లు ఆగిపోయాయి. నలభై రెండో నంబరు పగలూ రాత్రీ అదే చూపించేది. మూడో వీధి మూల ఇస్త్రీ ఆమె కొడుకు కూడా అటే ఉన్నాడు. ఆమె టీవీని ఇస్త్రీ బల్ల చివర పెట్టుకుని చూపు దాని మీదే ఉంచేది. చొక్కాలు కాలిపోతున్నాయని జనం విసుక్కున్నారు. బాబాయి స్తంభం మీద ఉన్నా కిందికి కేకేసి, "అమ్మడూ, ఏమంటున్నాడు వాడు?" అని నన్నడిగేవాడు. వాడు ఏమీ అనేవాడు కాదు. అన్నదే అనేవాడు.

అన్నయ్య ఫోను లేక పదకొండు రోజులైంది. ఆ ఉదయం పదింటికి, తలకి ఇనప టోపీ పెట్టుకున్న విలేకరి ఒక వంతెన ముందు నిలబడి కనపడ్డాడు. "మీకు మా ఛానెల్లో మాత్రమే" అని మూడుసార్లు అన్నాడు. తెల్లవారుజామున మన సైనికులకి సరుకు ఈ వంతెన మీదుగానే వెళ్తుందని వేలు చూపించాడు. వెనక కొండ, పక్కన వాగు, వాగు ఒడ్డున మూడు పెద్ద బండరాళ్ళు, అన్నీ కనపడుతున్నాయి. కెమెరా ఆగి ఉన్న లారీల వైపు తిరిగి, ఒక లారీ టార్పాలిన్ మీదికి దగ్గరగా వెళ్ళింది. టార్పాలిన్ కొక్కేనికి రెండు నల్ల ట్యాగులు, అడ్డంగా, తోకలు లోపలికి దోపి ఉన్నాయి.

బాబాయి చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది.

"చూశావా అమ్మడూ?"

"చూశాను బాబాయ్."

"వాడే. మన కట్టే అది." మొహం వెలిగిపోయింది. పిన్నిని పిలవబోయి గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడే ఆగిపోయాడు. వెనక్కి తిరిగినప్పుడు ఆ వెలుగు లేదు.

"ఇంత దూరంలో కూర్చుని నేనే గుర్తుపట్టాను. కొండ అవతలున్నవాడు వంతెన గుర్తుపట్టడా?"

ఆ ఛానెల్ మనిషి ఒకతను నెలకోసారి మాకు ఫోను చేస్తాడు. ముందున్న నంబరైతే ఎక్కువమంది చూస్తారని, తమ ఛానెల్‌ని నలభై రెండు నుంచి పన్నెండుకి మార్చమని అడగడానికి. బాబాయి అతనికి చేశాడు. స్పీకర్లో పెట్టాడు.

"నమస్తే సార్! పన్నెండుకి మార్చారా?"

"బాబూ, మీరు చూపించే వంతెన ఆపించు. లారీలు కనపడుతున్నాయి. మా అబ్బాయి ఉన్నాడు అందులో."

"అవునా సార్? అయితే మీతో రెండు నిమిషాలు మాట్లాడించమంటారా స్టూడియోలో? ఫోటో ఉంటే పంపండి."

"ఫోటో కాదయ్యా. ఆపమంటున్నా."

"అది మా చేతుల్లో ఉండదు సార్, వార్తలవాళ్ళు చూసుకుంటారు. వాళ్ళ నంబరు నా దగ్గర లేదు. మీ ఏరియాలో మాత్రం మనకి బ్రహ్మాండంగా వెళ్తోంది సార్."

బాబాయి ఇంకో నాలుగు నంబర్లకి చేశాడు. ఒకటి మోగి మోగి ఆగింది. ఒకటి పాట వినిపించింది. ఇంకో చోట ఒకామె మర్యాదగా, మీ అభిప్రాయం మాకు విలువైనది అంది. నాలుగోది తప్పు నంబరు, ఎవరో పెద్దాయన నిద్ర లేచి తిట్టాడు. ఇంతలో కేకలకి పైనుంచి దిగొచ్చిన పిన్నికి లారీ సంగతి నేనే చెప్పాను.

పదీ పదికి బాబాయి వెళ్ళి నలభై రెండో పెట్టె వైరు పీకేశాడు. ఎర్ర దీపం ఆరిపోయింది. కొత్త ఫ్యాను ఇంకో పది చుట్లు తిరిగి ఆగింది. ఆ ఖాళీలోకి మా లోకల్ ఛానెల్ వైరు తెచ్చి గుచ్చాడు. ఇప్పుడు వార్తల కోసం నలభై రెండు నొక్కినవాళ్ళందరికీ మా స్క్రోలింగ్ కనపడుతుంది.

"రాయి అమ్మడూ. జనానికి కారణం చెప్పాలి కదా."

కాలు కాలిన పిల్లిలా గదంతా తిరుగుతూ ఆయన చెప్పాడు, నేను టైపు చేశాను. *కనెక్షన్‌దారులకు మనవి. మన సైనికుల లారీలు ఉదయం ఆరు గంటలకు ఇనుప వంతెన దాటుతాయని బయటపెట్టిన ఛానెల్‌ను మన పిల్లల క్షేమం కోసం ఆపివేశాం. దయచేసి ఇటువంటి వివరాలు ఎవరూ ఎవరికీ చెప్పవద్దు.*

ఆరు దగ్గర నా వేలు ఒక్క క్షణం ఆగింది. విలేకరి ఆరు అన్నట్టు నాకు గుర్తులేదు. ఫోను మోగుతున్నప్పుడు అన్నాడేమో, నేను వినలేదేమో అనుకున్నాను. బాబాయి మొహం చూసి అడగలేదు. అద్దె ఇళ్ళ ప్రకటనకీ, పోయిన తాళాలగుత్తి ప్రకటనకీ మధ్యలో అది పరిగెత్తడం మొదలుపెట్టింది. రెండు మూడు నిమిషాలకోసారి వచ్చేది.

ఇక ఫోన్లు. ఊపిరి తీసుకోనివ్వలేదు. "డబ్బు కట్టేది మీ పురాణం చదవడానికా?" అన్నాడొకాయన. "మా మావయ్యగారు రిమోట్ విసిరేస్తున్నారండీ, ఈసారి ఎవరికి తగుల్తుందో తెలీదు, త్వరగా పెట్టండి" అని ఒకావిడ గొంతు తగ్గించి చెప్పింది. "సిగ్నల్‌కి సిగ్నల్ పోయిందా?" అని ఎవరో అడిగి, వెనక నలుగురు నవ్వారు.

పదకొండు కావస్తుంటే ఇస్త్రీ ఆమె వచ్చింది. భుజం మీద ఎవరిదో చొక్కా, సగం చేసింది సగం చెయ్యనిది.

"అన్నా, నా ఛానెల్ ఏది?"

"ఆపేశానమ్మా. పిల్లలు ఏ దారిన పోతున్నారో చెప్పేస్తున్నాడు వాడు."

"చెప్తేనే కదా నాకు తెలిసేది."

"నీకు తెలిస్తే అవతలివాడికీ తెలుస్తుంది."

"అవతలివాడు నీ కనెక్షన్ మీద చూస్తున్నాడా?"

బాబాయి దీపం ఆరిన నలభై రెండో పెట్టె వైపు తిరిగాడు.

"పైకెళ్తే అక్క చెప్పింది. నీ కొడుకు లారీ చూశావంట. నువ్వు చూసుకున్నాక ఆపావు. నా కొడుకుని నేనింకా చూడలేదు." ఆమె గొంతు పెంచలేదు. స్టూలు లాక్కుని తొంభై ఆరు పెట్టెల ముందు కూర్చుంది, ఇవ్వాల్సింది ఇచ్చేదాకా కదలని మనిషిలాగ.

అప్పుడు లెక్కల మాస్టారి ఫోను వచ్చింది. బళ్ళో నాకు లెక్కలు చెప్పిన ఆయన ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉంటారు. రోజూ స్క్రోలింగ్ మొత్తం చదివి, పొల్లు ఎక్కడ పోయిందో ఫోను చేసి చెప్తారు. నేను పెన్ను తీసుకున్నాను.

"ఏ మాటలో తప్పుంది మాస్టారూ?"

"అక్షరదోషం లేదమ్మాయ్. చక్కగా ఉంది, అదే నా భయం. నేనా వార్త చూశాను. వాడు తెల్లవారుజామున అన్నాడు. ఆరు గంటలకని మీకెవరు చెప్పారు?"

నేను ఫోను బాబాయికివ్వలేదు. ఆ ప్రశ్న అలాగే ఆయనకి చెప్పాను. ఆయన గోడ గడియారం వైపు చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను. తర్వాత కంప్యూటరు ఆపేదాకా కూడా ఆగలేదు, గోడలోంచి ప్లగ్గు లాగేశాడు. నలభై రెండో పెట్టె వైరు తిరిగి గుచ్చాడు. అప్పుడు టైము పదకొండూ ఇరవై. ఫ్యాను తిరిగింది, విలేకరి మళ్ళీ వచ్చాడు, ఇస్త్రీ ఆమె స్టూలు ముందుకి జరుపుకుంది.

"ఎన్నిసార్లు వెళ్ళుంటుంది?" అని అడిగాడు బాబాయి.

"ఇరవై ఏడు."

ఎన్ని ఇళ్ళో ఆయన అడగలేదు. పదకొండు వందల నలభై అని ఆయనకే తెలుసు.

అక్కడితో అయిపోలేదు. మధ్యాహ్నానికి ఆ స్క్రోలింగ్ ఫోటో ఫోన్లలో తిరగడం మొదలైంది. ఎవరో తమ టీవీ ముందు నిలబడి తీసి, కింద "సిగ్నల్‌కి పిచ్చెక్కింది" అని రాసి, నవ్వే బొమ్మలు పెట్టి పంపించారు. ఆరు గంటలు, ఇనుప వంతెన, రెండూ స్పష్టంగా చదవచ్చు. పిన్ని ఫోనుకే నాలుగు చోట్ల నుంచి వచ్చింది.

బాబాయి కనెక్షన్ల పుస్తకం నా చేతికిచ్చి చెప్పులేసుకున్నాడు. మూడు రోజులు తిరిగాం. ఆయన తలుపు కొట్టేవాడు, నేను పుస్తకంలో టిక్కు పెట్టేదాన్ని. ఎవరి ముందూ తల వంచి ఎరగని మనిషి గుమ్మం బయట నిలబడి, "ఆ ఫోటో ఒక్కటీ తీసెయ్యండి. ఎవరికి పంపారో వాళ్ళకీ చెప్పండి" అనేవాడు. చాలామందికి అర్థమయ్యేది కాదు. "కనెక్షనేం మార్చట్లేదు లెండి, కంగారుపడకండి" అన్నారు. కొందరు "తీసేశాం" అని ఫోను వైపు చూడకుండానే అన్నారు. ఒక కుర్రాడి తండ్రి మాత్రం సూటిగా అడిగాడు.

"మీరు టీవీలో వేస్తే తప్పు లేదు గానీ, మా ఫోన్లో ఉంటే తప్పా?"

"తప్పే. నాదే" అన్నాడు బాబాయి. "నా తప్పు మీ ఫోన్లో ఉంది. తీసెయ్యండి."

రెండో రోజు సాయంత్రం ఇస్త్రీ ఆమె రోడ్డు మీద ఎదురై, కొడుకు మోచెయ్యి చూశానంది. వరసలో నిలబడ్డవాళ్ళలో ఒక మోచెయ్యి. చిన్నప్పుడు ఇస్త్రీపెట్టె తగిలిన మచ్చ ఉందట. మొహం కనపడకపోయినా పర్లేదు అంది. ఆ రోజు బట్టలేవీ కాలలేదు.

అయిదో రోజు వంతెన దగ్గర గుండ్లు పడ్డాయి. ఆ సంగతి కూడా నలభై రెండో నంబరే చెప్పింది. ఇంకో ఎనిమిది రోజులకి ఆసుపత్రి నుంచి అన్నయ్య ఫోను వచ్చింది. చాలా గట్టిగా మాట్లాడాడు. మేం మామూలుగా మాట్లాడితే "ఆఁ? ఆఁ?" అన్నాడు. ఎడమ చెవి పోయింది.

ఏడు నెలల తర్వాత ఇంటికొచ్చాడు. బాబాయి రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు కొడుకు కుడివైపు కుర్చీ వేసుకుని, జరిగిందంతా, స్క్రోలింగ్‌తో సహా చెప్పి అడిగాడు.

"ఆ ఛానెల్ వల్ల పడిందా? నా వల్ల పడిందా?"

"ఆ వంతెన మ్యాపులోనే ఉంది నాన్నా. దాన్ని ఎవరూ కొత్తగా కనిపెట్టక్కర్లేదు."

"మరి టైము?"

"ఆ రోజు లేటయ్యాం. ఆరూ ఇరవైకి వెళ్ళాం."

"ఆరుకే వెళ్ళుంటే?"

"చెవి ఉండేదేమో. లేకపోతే నేనే ఉండేవాణ్ణి కాదేమో. ఆ వారమంతా పొద్దునా సాయంత్రమూ పడ్డాయి. ఏది దేనికి పడిందో రసీదు ఇవ్వరు."

"మీ సార్లకి తెలీదా?"

"తెలిస్తే నాకు చెప్తారా? మీరు మాత్రం బూట్లప్పుడు ఫ్యాను పెట్టారు కదా దానికి" అని నవ్వాడు అన్నయ్య. బాబాయి నవ్వలేదు. ఇప్పటికీ వారానికోసారైనా అడుగుతాడు. ఒక్కోసారి అన్నయ్యని, ఒక్కోసారి నన్ను. నాకు ఒళ్ళు మండుతుంది, ఆయన మీద కాదు. ఎవరిని అడగాలో ఆయనకి ఎవరూ చెప్పరు. ఆ విలేకరి ఎక్కడున్నాడో తెలీదు. ఆ ఛానెల్ మనిషి మాత్రం నెలనెలా ఫోను చేసి, పన్నెండుకి మార్చారా సార్ అంటాడు.

మా లోకల్ ఛానెల్లో స్క్రోలింగ్ మళ్ళీ పెట్టలేదు. అద్దె ఇళ్ళవాళ్ళు అడిగి అడిగి మానేశారు. లెక్కల మాస్టారు మాత్రం అప్పుడప్పుడు ఫోను చేస్తారు. "ఈ రోజు తప్పులేమీ లేవమ్మాయ్" అని పెట్టేస్తారు.

నిన్న పాలబూత్ దగ్గర మళ్ళీ ఆ కథ. మూడు రోజులు వార్తల్లేక అల్లాడిపోయాం అని చెప్పిన ఆవిడ గుమ్మం నాకు బాగా గుర్తుంది. పుస్తకంలో ఆమె ఇంటికి టిక్కు పెట్టింది నేనే. ఆ రోజు బాబాయి ఆ మెట్టు మీద నిలబడి ఫోటో తీసెయ్యమని అడుగుతున్నాడు. ఆవిడ తలుపు సగం తెరిచి వింటోంది. వెనక హాల్లో టీవీ నడుస్తోంది. తెర మీద ఇనుప వంతెన, వాగు, మూడు బండరాళ్ళు. ఆ మూడు రోజులూ మేం తట్టిన ప్రతి ఇంట్లోనూ టీవీ నడుస్తూనే ఉంది, ఎక్కువ ఇళ్ళల్లో నలభై రెండో నంబరే.